వారం తప్పని మీటింగు: చీరాల సేవా క్లబ్బుల కథ

చీరాల మనిషిని ఊరి చరిత్ర చెప్పమంటే నేరుగా 1921కి వెళ్తాడు. వెళ్లాల్సిందే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్ను ఎన్నో రెట్లు పెరిగింది. మగ్గం మీద బతికే జనం కట్టలేమన్నారు, ఆ తర్వాత కట్టబోమన్నారు. ఆ ఏడు ఏప్రిల్‌లో గాంధీజీ మా ఊరొచ్చి రెండు దార్లు చూపించారు. పన్ను కట్టకుండా ఎదురు నిలిచి శిక్షకు సిద్ధపడటం ఒకటి, ఊరు ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటి పోవడం రెండోది. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండో దారి పట్టించారు. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లు వదిలి, హద్దు అవతల పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఎండాకాలంలో వెళ్లినవాళ్లు వానలు, చలి అన్నీ ఆ పాకల్లోనే చూశారు. 11 నెలలు ఉన్నారు.

అన్ని వేల మంది ఒక్కచోట పాకల్లో ఉంటే కట్టుబాటు ఎవరు చూడాలి? అందుకు గోపాలకృష్ణయ్య తయారుచేసుకున్న దండు ఉంది. అదే రామదండు. కాషాయం బట్టలు, మెడలో రుద్రాక్షలు. ఆ ఏడాదే బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు విరగబడి వచ్చిన జనాన్ని అదుపు చేసింది కూడా వీళ్లే. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి, మా పల్లెల కుర్రాళ్లను చేరదీసి ఇంత క్రమశిక్షణ ఎలా నేర్పాడా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మన జిల్లాల్లో స్వచ్ఛంద సేవ అన్న మాట ఎత్తితే నాకు మొదట గుర్తొచ్చేది రామదండే.

తర్వాత సంగతి మా ఊళ్లో అంత గట్టిగా చెప్పుకోరు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. నడిపించే మనిషి లేడు. డబ్బు రావడం ఆగిపోయింది. పాకల్లో జనం కూడా చివరికి ఒక్కొక్కరే ఇళ్లకు తిరిగొచ్చారు. మునిసిపాలిటీ నిలిచింది, రామదండు నిలవలేదు. 1928 జూన్‌లో ఆయన పోయారు, అప్పటికి నిండా నలభయ్యేళ్లు లేవు. అంత త్యాగం చేసిన జనాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఊరి చరిత్ర రాసేవాడిగా ఒక మాట అనక తప్పదు. ఒక్క మనిషి భుజాల మీద నిలిచిన సేవ, ఆ మనిషిని లోపల వేస్తే ఆగిపోతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మాకు కూతవేటు దూరంలో వేటపాలెంలో ఉంది. 1918లో అక్కడి కుర్రాళ్లు హిందూ యువజన సంఘం అని పెట్టుకుని, పుస్తకాలు పోగుచేసి చదువుకునే గది ఒకటి తెరిచారు. అదే సారస్వత నికేతనం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పరిశోధకులు ఈ రోజుకీ పాత తెలుగు పత్రికల కోసం అక్కడికే వస్తారు. స్థాపించినవాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు. అయినా తలుపులు తెరుచుకుంటున్నాయి. కార్యవర్గం మారుతుంది, లెక్కలు రాస్తారు, ఎవరో ఒకరు తాళం తీస్తారు. ఈ రెంటి మధ్య తేడా అర్థమైతే మా ఊళ్లో తర్వాత వచ్చిన రోటరీ, లయన్స్ క్లబ్బులు ఎందుకు బతికాయో తెలుస్తుంది.

ఈ క్లబ్బులు మన నేల మీద పుట్టినవి కావు. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలో చికాగో నగరంలో పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు స్నేహితులను కలిశాడు. ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, మూడో ఆయన బట్టలు కుట్టించే దర్జీ దుకాణం యజమాని. పెద్ద నగరంలో తెలిసిన మొహం లేక దిగులుపడ్డ మనుషులు వారం వారం ఒకరి ఆఫీసులో ఒకరు కూర్చోవాలనుకున్నారు. సేవ తర్వాత వచ్చింది. ఊరికి వాళ్లు చేసిన మొదటి పని సిటీ హాలు దగ్గర పబ్లిక్ మరుగుదొడ్డి కట్టించడం. రోటరీ 1919లో కలకత్తాకు వచ్చింది. 1962లో కలకత్తా వాసి నితీశ్ లాహరీ ప్రపంచ రోటరీకి అధ్యక్షుడయ్యారు, ఆ పదవిలో మొదటి భారతీయుడు ఆయనే. లయన్స్ కూడా చికాగోదే, 1917లో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి మొదలుపెట్టాడు. 1925లో హెలెన్ కెల్లర్ వాళ్ల మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగింది. అప్పట్నుంచి కంటి పని వాళ్ల సొంతపని అయింది. మా ఊళ్లో లయన్స్ వాళ్లు, రోటరీ వాళ్లు కంటి శిబిరాల దగ్గర ఇప్పటికీ పోటీపడతారు. పోటీపడాలి కూడా.

మా నాన్న నూలు వ్యాపారి. ముంతావారి సెంటరుకు దగ్గర్లో కొట్టు. బుధవారం సాయంత్రం మిగతా రోజులకన్నా గంట ముందు షట్టరు దించేవాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, జేబుకు చిన్న పళ్లచక్రం గుర్తు తగిలించుకుని రోటరీ మీటింగుకు పోయేవాడు. కొట్టు దగ్గర ఎంత బేరం ఉన్నా ఆ రోజుకు అంతే. నేను చేరేనాటికి నూలు వ్యాపారం పలచబడింది, మీటింగు మాత్రం బుధవారమే ఉంది.

మీటింగు ఎలా జరుగుతుందో రాసిపెట్టాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇది భోజనాల సంఘంగానే తెలుసు. ఏడున్నరకు ప్రెసిడెంటు చిన్న సుత్తితో గంట కొడతాడు. ఏడూ ముప్పై అయిదుకు వచ్చినవాడు తలుపు దగ్గర సార్జెంటు చేతిలో జరిమానా పెట్టి లోపలికి రావాలి. హాజరు పుస్తకం చేతులు మారుతూ పోతుంది. సెక్రటరీ పోయిన వారం మినిట్స్ చదువుతాడు. ఏం చేస్తామన్నాం, ఏం చేశాం, ఎంత ఖర్చయింది. చెయ్యని పని చదివేటప్పుడు సెక్రటరీ గొంతు తగ్గుతుంది, వెనక కూర్చున్న పెద్దాయనెవరో "కొంచెం గట్టిగా చదవయ్యా" అంటాడు. ఈ ఒక్క మాట మా క్లబ్బు చేత చాలా పనులు చేయించింది.

మధ్యలో నాలుగు ప్రశ్నల పరీక్ష అందరం కలిసి చదువుతాం. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన దివాలా అంచున ఉన్న అల్యూమినియం గిన్నెల కంపెనీని నిలబెట్టుకోవడానికి రాసుకున్నవి అవి. చెప్పబోయే మాటకీ, చెయ్యబోయే పనికీ ముందు తనకు తాను వేసుకోవాల్సిన ప్రశ్నలు. వ్యాపారి రాసుకున్నవి గనకే మా వ్యాపారులకు తేలిగ్గా ఎక్కాయని నా నమ్మకం.

మళ్లీ జరిమానాల పెట్టె తిరుగుతుంది. కొత్త బండి కొన్నవాడు కట్టాలి. కొడుక్కు ఇంజనీరింగు సీటొచ్చినవాడు కట్టాలి. పేపర్లో ఫొటో పడ్డవాడు రెట్టింపు కట్టాలి. నవ్వుకుంటూ కట్టే ఈ డబ్బు సంవత్సరం చివర చూస్తే కళ్లద్దాల ఖర్చుకు చాలావరకు సరిపోతుంది. చందా అడిగితే ముఖం తిప్పుకునేవాడు కూడా జరిమానా సంతోషంగా కడతాడు, ఇది మా ఊళ్లో నేను ఎన్నోసార్లు చూసిన సంగతి.

ఆ తర్వాత ఎవరో ఒకరు ఇరవై నిమిషాలు మాట్లాడతారు. మునిసిపల్ ఇంజనీరు మురుగుకాలవల గురించి, ఆడిటరు పన్నుల గురించి, పాములు పట్టేవాడు పాముల గురించి. పాములవాడు మాట్లాడిన రోజు ఎవరూ గడియారం చూసుకోలేదు.

హాజరు సంగతి పాతరోజుల్లో చాలా పట్టుదలగా ఉండేది. వరసగా నాలుగు మీటింగులు రాకపోతే సభ్యత్వం పోయేది. ఊళ్లో లేకపోతే, ముందో వెనకో పధ్నాలుగు రోజుల్లోపు ఏ ఊరి క్లబ్బులోనైనా కూర్చుని, అక్కడి సెక్రటరీ సంతకం చేసిన కార్డు తెచ్చివ్వాల్సి వచ్చేది. నూలు కొనడానికి కోయంబత్తూరు పోయిన మా నాన్న ఆ రోజు సాయంత్రం అక్కడి క్లబ్బుకు వెళ్లి, భాష రాకపోయినా గంటసేపు కూర్చుని కార్డు తెచ్చుకునేవాడు. అమ్మకు అది విడ్డూరం. "ఇంటి విషయంలో ఇంత పట్టింపు ఉంటే బాగుండును" అనేది. ఆ కార్డుల కట్ట ఇప్పుడు నా దగ్గరుంది. తెలియని ఊళ్లో రాత్రిపూట దారి అడుక్కుంటూ ఒక గదికి వెళ్లి, పేరు చెప్పి, తోటివాడిగా కూర్చోగలగడం ఆ తరం వ్యాపారులకు పెద్ద ధైర్యం.

సేవ సంగతికి వస్తాను. ముందు కళ్లు.

నేత ఊరికి కన్నే పెట్టుబడి. పడుగు సాగదీసి, అచ్చులో ఒక్కో పోగూ అతికి, నేసేటప్పుడు తెగిన పోగును అక్కడే పట్టుకుని ముడివెయ్యాలి. నలభై దాటాక చత్వారం వస్తుంది. ఆఫీసు ఉద్యోగి అయితే పేపరు కాస్త దూరంగా పట్టుకుంటాడు. నేతగాడు మగ్గం గుంటలో కూర్చుని పడుగును దూరంగా పెట్టుకోలేడు. తెగిన పోగు కనపడదు, బట్టలో కన్నం పడుతుంది, మాస్టరు వీవరు కూలి తగ్గిస్తాడు. ఏడాదికి చెయ్యి మందగించిందంటారు. మందగించింది చెయ్యి కాదని ఎవరికీ తట్టదు. కుప్పడం చీర నేసిన మనిషి చివరికి కండెలు చుట్టే కూలికి దిగుతాడు. దగ్గరి చూపుకు అద్దాలుంటే ఇంకో పదిహేను ఇరవయ్యేళ్లు మగ్గం ఎక్కుతాడు.

ఒకసారి జాండ్రపేటలో శిబిరం పెట్టి అద్దాలు పంచాం. రెండు వారాలకు ఒక ముసలమ్మ మీటింగు జరిగే చోటికే వచ్చింది. అద్దాలు బల్లమీద పెట్టి, "అయ్యా, దీంతో పుస్తకం కనపడతంది, నేను పుస్తకం చదవను. పోగు కనపడట్లా" అంది. మా సభ్యుల్లో కళ్ల డాక్టరుగారు లేచి ఆమె దగ్గరకొచ్చి కూర్చున్నారు. విషయం చాలా తేలిక. శిబిరంలో అక్షరాల అట్ట చేతికిచ్చి, జానెడున్నర దూరంలో చదివించి పవరు రాస్తారు. మగ్గం మీద అచ్చు కంటికి రెండడుగుల దాకా ఉంటుంది. దగ్గరికి సరిపోయే పవరు ఆ దూరానికి ఎక్కువైపోతుంది, మసకబారుతుంది. మర్నాడు డాక్టరుగారు టేపు పట్టుకుని నేతవాళ్ల ఇళ్లకు వెళ్లి, గుంటలో కూర్చున్న మనిషి కంటికీ అచ్చుకూ మధ్య దూరం కొలిచి, పవరు తగ్గించి రాశారు. ఆ తర్వాత ఏ శిబిరం పెట్టినా మా బల్ల దగ్గర ఒక అచ్చుపలక, దానికి పోగులు కట్టి పెట్టుకుంటున్నాం. ఆ అమ్మ వచ్చింది వారం వారం మనుషులు దొరికే చోటు ఒకటి ఉంది గనక. శిబిరం ఎత్తేసి వెళ్లిపోయిన వాళ్లయితే ఆమె ఎవరికి చెప్పుకునేది?

శుక్లాల ఆపరేషన్ల తీరు మా కళ్ల ముందే మారింది. మా నాన్న కాలంలో స్కూలు సెలవుల్లో బెంచీలు తీసేసి మంచాలు వేసి అక్కడే ఆపరేషన్లు చేసేవారు. కంటికి కట్టుకట్టి రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు, తర్వాత సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలు పగిలితే మనిషి మళ్లీ గుడ్డివాడే. తర్వాత కంటిలోపలే లెన్సు పెట్టడం వచ్చింది. తాత్కాలిక శిబిరాల్లో కత్తి పట్టడం మంచిది కాదని తేలాక, పరీక్ష ఊళ్లో, ఆపరేషను పెద్దాసుపత్రిలో అన్న పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు గుంటూరు వైపు నుంచి బస్సు వస్తుంది. మా పని జనాన్ని కూడగట్టడం, బీపీ, షుగరు చూపించడం, బస్సెక్కే ముందు తోడొచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడం, తిరిగొచ్చాక చుక్కల మందు వేసుకుంటున్నారో లేదో ఇళ్లకు వెళ్లి చూడడం. అన్నిటికన్నా కష్టమైంది ఆఖరుదే. ఫొటో పడదు, మాట్లాడే వేదిక ఉండదు. మినిట్స్‌లో మాత్రం అడుగుతారు.

రక్తం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. నాయకుల పుట్టినరోజులకు, వర్ధంతులకు పెద్ద పెద్ద శిబిరాలు పెట్టి ఒక్కరోజులో వందల యూనిట్లు తీస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ తీసిన రక్తం ఫ్రిజ్‌లో ఐదారు వారాలకన్నా ఎక్కువ నిలవదు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి ఇవ్వొచ్చు. ఒకే రోజు అందరూ ఇచ్చేస్తే, ఏప్రిల్ మేల్లో పరీక్షలూ ఎండలూ కలిసి దాతలు కరవైనప్పుడు బ్లడ్ బ్యాంకులో అడుగంటుతుంది. కాన్పు కష్టమైన తల్లికీ, తలసేమియా పిల్లలకూ ఎండాకాలం అని సెలవుండదు. అందుకని మా దగ్గర గ్రూపుల వారీగా పుస్తకం ఉంది. పేరు, ఫోను, చివరిసారి ఇచ్చిన తేదీ. ప్రతి బుధవారం ఆ తేదీలు చూసి ఈ వారం ఎవరి వంతో చెబుతారు. నెగటివ్ గ్రూపులవాళ్లను ఊరికే ఇవ్వనివ్వరు, అవసరానికి దాచిపెట్టుకుంటారు. అర్ధరాత్రి ఫోను వస్తే ఎవరిని లేపాలో ఆ పుస్తకం చెబుతుంది.

ఇక పోలియో. ప్రపంచమంతా పోలియో లేకుండా చెయ్యాలని రోటరీ 1985లో పూనుకుంది. మన దేశమంతటా పల్స్ పోలియో 1995 డిసెంబరులో మొదలైంది. మా ఊళ్లో మందు వేసింది ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ అమ్మాయిలు. ఇది స్పష్టంగా రాయాలి, ఎందుకంటే ఫొటోల్లో మేమే ఎక్కువ కనిపిస్తాం. మా వంతు ఐసు, బండ్లు, టీ, మైకు, ఇంకా మొండికేసిన ఇళ్ల దగ్గర మాట సాయం. నూలు కొట్టాయన చెబితే వినే ఇల్లు ఒకటుంటుంది, మసీదు పెద్ద చెబితే వినే ఇల్లు ఇంకొకటుంటుంది. ఎవరింటికి ఎవరు వెళ్లాలో బుధవారం మీటింగులో పంచుకునేవాళ్లం.

మందు సీసా మీద చిన్న గుండ్రం, దాని మధ్యలో చతురస్రం ఉంటాయి. చతురస్రం గుండ్రం కన్నా తెల్లగా ఉన్నంతసేపు మందు పనికొస్తుంది. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది, రెండూ ఒకే రంగుకు వస్తే సీసా పారెయ్యాలి. మా సభ్యుల్లో బట్టల వ్యాపారులు ఎక్కువ. రంగులో వెంట్రుకవాసి తేడా పట్టడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఓడరేవు దగ్గర ఇసకలో బూతు పెట్టిన రోజు, ఒకాయన సీసాను వెలుగుకు పట్టి చూసి, ఇది పోతోంది, ఐసు మార్చండి అని అరిచాడు. ఏఎన్‌ఎం అమ్మాయి దగ్గరికొచ్చి చూసి, ఇంకా పనికొస్తుంది బాబాయ్ అంటూనే ఐసు మార్చింది. మందు వేశాక బిడ్డ ఎడమ చిటికెన వేలి గోరు మీద నల్ల గుర్తు పెట్టేవారు. రైల్వే స్టేషనులో దిగే బిడ్డల వేళ్లు చూడటానికి వేరే జట్టు. ఇటుక బట్టీలకు పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీల పిల్లల దగ్గరకు ఇంకో జట్టు. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరాలో ఒక పాపకు వచ్చిందే దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ ఆఖరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహితమని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ వారం మీటింగులో మినిట్స్ మామూలుగానే చదివారు. ఇన్నేళ్లూ బూతుల్లో పనిచేసిన ఏఎన్‌ఎంలను పిలిచి శాలువాలు కప్పారు. అంతకన్నా సబబైన సన్మానం ఆ హాల్లో నేను చూడలేదు.

సముద్రం పక్కన ఊరికి ఇంకో పరీక్ష తుఫాను. 1977 నవంబరు 19, శనివారం. ఆ పెద్ద తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర్లోనే. ఉప్పెన మింగింది మాత్రం దివిసీమను. పడమటికి వచ్చే తుఫానుకు కుడిపక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది, ఎడమపక్కన నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. దివిసీమ ఆ కుడిపక్కన పడింది. పది వేల మందికి పైగా పోయారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. మా ఊళ్లో చెట్లు కూలాయి, ఇళ్ల కప్పులు లేచిపోయాయి, స్తంభాలు ఒరిగాయి, ప్రాణాలు మిగిలాయి. మిగిలినవాళ్ల మీద బాధ్యత ఉంటుందని మా నాన్న తరం గట్టిగా అనుకుంది. బట్టల ఊరు గనక బట్టలు మూటలు కట్టారు. మొదటి బండి పోయి తిరిగొచ్చినవాళ్లు చెప్పింది నాన్న పదేపదే చెప్పేవాడు. చిరుగుపాతలు పంపొద్దు, చీర పంపితే లంగా, జాకెట్టు గుడ్డ కూడా పెట్టండి, చీర ఒక్కటే ఇస్తే ఆడబిడ్డ ఏం కట్టుకుంటుంది. రెండో బండికి సెట్లు కట్టారు. వాటితో పాటు అగ్గిపెట్టెలు, గిన్నెలు, చేదతాళ్లు.

2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి. తీరం పొడుగునా పుణ్యస్నానాలకు వచ్చిన జనం ఉండగానే సునామీ వచ్చింది. రాష్ట్రంలో వంద మందికి పైగా పోయారు. ఆ తర్వాతి వారాల్లో నేను నేర్చుకున్నది లెక్క రాయడం విలువ. ఎక్కడెక్కడి నుంచో లారీలు వచ్చేవి. రోడ్డు పక్కన కనిపించిన మొదటి పల్లెలో అంతా దింపేసి వెళ్లేవి. అక్కడ బియ్యం మూటలు వరండాల్లో నిండాయి, లోపలి పట్టపుపాలేలకు ఏదీ చేరలేదు. మా వాళ్లు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఇంటి పెద్ద పేరు, పోయిన వల, పోయిన తెప్ప, చెడిన ఇంజను రాసుకొచ్చారు. లారీతో వచ్చినవాళ్లకు ఆ పుస్తకం చూపించి, ఇక్కడికి వెళ్లండి అని పంపారు. మేము ఇచ్చిన డబ్బు కన్నా ఆ పుస్తకమే ఎక్కువ మందికి మేలు చేసింది. రాసినవాళ్లు ఏళ్ల తరబడి మినిట్స్ రాసి చెయ్యి తిరిగినవాళ్లు.

ఇంత పెద్ద ఆపదలు కాకుండా, ఏటా వచ్చే ముసురు మా నేతవాళ్లకు ఒక చిన్న ప్రళయమే. గుంటమగ్గం నేలలోకి తవ్వి ఉంటుంది. నాలుగు రోజులు వాన పడితే అడుగు నుంచి నీరు ఊరుతుంది. గంజి పెట్టిన పడుగు తడిసి బూజు పడుతుంది. వాన ఆగినా గుంట ఆరడానికి రోజులు పడుతుంది, అన్నాళ్లూ కూలి లేదు. వరద సాయం జాబితాల్లో ఇల్లు కూలినవాడు ఉంటాడు, గుంటలో నీళ్లొచ్చినవాడు ఉండడు. మా క్లబ్బులో రెండు చిన్న నీటి మోటార్లు, ట్రాక్టరు ఇసక ఈ పనికే ఉంచుతాం. ముందు నీరు తోడి, ఇసక పోసి, పొడి చేస్తే మగ్గం తొందరగా ఎక్కొచ్చు.

ఇంతా చెప్పి, మా క్లబ్బులో నన్ను బాధపెట్టేది దాటేస్తే ఈ చరిత్ర సగమే అవుతుంది. రామదండులో నేత కుర్రాళ్లు ఉన్నారు. మా బల్ల చుట్టూ చాలా ఏళ్లు నేతగాడు లేడు. మొదట్లో ఒక్కో వృత్తికి ఒక్కరినే చేర్చుకునే నియమం ఉండేది. బట్టల వ్యాపారి, నూలు వ్యాపారి, పొగాకు వ్యాపారి, జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని, డాక్టరు, ప్లీడరు, ఆడిటరు, ఎల్‌ఐసీ ఆఫీసరు. ఊళ్లో అందరికన్నా ఎక్కువ మంది చేసే వృత్తి ఆ జాబితాలో లేదు. చందా కట్టగలిగినవాడే సభ్యుడు అన్నప్పుడు, సేవ చేసేవాడు ఒక పక్క, తీసుకునేవాడు ఇంకో పక్క అని గీత పడిపోతుంది. అద్దాలు బల్లమీద పెట్టిన ముసలమ్మ ఆ గీత దాటి వచ్చింది. ఆమె లాంటివాళ్లు బల్ల ఇవతల కూర్చుని ఉంటే ఆ తప్పుడు పవరు అద్దాలు అసలు పంచేవాళ్లమే కాదు.

ఆడవాళ్ల సంగతీ అంతే. ప్రపంచ రోటరీ నియమాలే 1989 దాకా ఆడవాళ్లను సభ్యులుగా ఒప్పుకోలేదు. అంతవరకూ సభ్యుల భార్యలను ఆన్స్ అని పిలిచేవారు. శిబిరాల్లో వంట, వరసలు నిలబెట్టడం, పిల్లల్ని ఎత్తుకోవడం అన్నీ వాళ్లే చేశారు. మినిట్స్‌లో వాళ్ల పేర్లు లేవు, ఫలానా వారి సతీమణి అని ఉంటుంది. మా అమ్మ ఎన్ని కంటి శిబిరాల్లో ఉప్మా వండిందో పుస్తకంలో దొరకదు. ఇప్పుడు టీచర్లు, డాక్టర్లు, బొటిక్ నడిపే అమ్మాయిలు సభ్యులుగా ఉన్నారు, ఆడవాళ్లు ప్రెసిడెంట్లూ అవుతున్నారు. సహకార సంఘంలో పనిచేసే నేతగాళ్లు ఇద్దరు చేరారు. చందా అందరికీ ఒకటే కానక్కర్లేదని మేం కొందరం పట్టుబట్టాం. ఇంకా పట్టుబట్టాల్సి ఉంది.

2016లో రోటరీ పెద్దలు వారం వారం కలవక్కర్లేదు, నెలకు రెండుసార్లు కలిస్తే చాలని నియమం సడలించారు. కుర్రవాళ్లకు తీరిక లేదు, వాట్సాప్ గ్రూపు ఉందిగా అన్నారు మా వాళ్లు కొందరు. నేను ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో ఎవరో ఓ నెగటివ్ కావాలంటే దండం పెట్టే బొమ్మలు ముప్పై వస్తాయి, వెళ్లేవాడు ఎవరో తెలియదు. మీటింగులో ఎదురుగా కూర్చున్నవాడి వైపు చూసి, "నువ్వు వెళ్తావా?" అంటే వాడు అవును అనో కాదనో చెప్పాలి. 2020లో కరోనా వచ్చి హాలుకు తాళం పడ్డాక జూమ్‌లో కలిశాం. 2021 వేసవిలో ఆక్సిజన్ యంత్రాలు ఎవరింటి నుంచి ఎవరింటికి మారాలో రోజూ చూడాల్సి వచ్చినప్పుడు, వారానికొకసారి కలిసే అలవాటున్న జట్టు రోజూ కలవడానికి ఇబ్బంది పడలేదు. మా క్లబ్బు ఓటు వేసి బుధవారాన్ని బుధవారంగానే ఉంచుకుంది.

జులై 1న ప్రెసిడెంటు మారతాడు. ఎంత గొప్పగా చేసినా ఏడాదే. పోయిన ఏడాది మెడలో పట్టీ వేసుకున్నవాడు ఈ ఏడాది కుర్చీలు సర్దుతాడు. గోపాలకృష్ణయ్య అంతటి మనిషి మా క్లబ్బులో పుట్టలేదు, పుడతాడని ఆశ కూడా లేదు. రామదండు చేసినంత పెద్ద పని మేం ఎన్నడూ చెయ్యలేదు. కానీ ఎవరైనా జబ్బుపడినా, ఊరు వదిలినా, పోయినా, వచ్చే బుధవారం గంట కొట్టడానికి ఇంకొకడు ఉంటాడు.

ఇప్పుడు మిగిలిన పని పుస్తకాలది. మినిట్స్ పుస్తకాలు కొన్ని మా కొట్టు అటక మీద, కొన్ని పాత సెక్రటరీల ఇళ్లలో, కొన్ని చెదలు తిన్నాక మిగిలిన ముక్కలుగా ఉన్నాయి. దొరికినవాటిని ఫొటోలు తీసి ఒకచోట చేరుస్తున్నాం. ఆన్స్ పేర్లు బతికున్నవాళ్లను అడిగి పక్కన రాస్తున్నాం. మూలప్రతులు సారస్వత నికేతనం లాంటి చోట ఉంటే భద్రమని నా అభిప్రాయం, క్లబ్బులో ఇంకా చర్చ నడుస్తోంది. లయన్స్ వాళ్లు కూడా తమ పుస్తకాలు కలుపుతామన్నారు. మాకు అన్నిటికన్నా ముందు కావాల్సింది 1977 నవంబరు, డిసెంబరు నెలల పుస్తకం. దివిసీమకు బండ్లు కట్టుకుని ఎవరెవరు వెళ్లారో, ఏ ఊళ్లలో దిగారో అందులో ఉండాలి. అది మా ఎవరి దగ్గరా దొరకలేదు. చీరాలలోనో, ఇక్కడి నుంచి వెళ్లి హైదరాబాదులోనో, చెన్నైలోనో స్థిరపడినవాళ్ల ఇళ్లలోనో నీలిరంగు అట్టతో పొడుగాటి రూళ్ల పుస్తకం కనిపిస్తే, లోపల తేదీలు చూసి మాకు చెప్పండి.